నల్లద్దం వద్దన్న మనిషి

“నువ్వు అమ్మిన ఈ రేకు ముక్క వల్లనే నా కొడుకు కింద పడ్డడు. చూడు, జబ్బ కట్టుకొని నిలబడ్డడు. కండ్లున్నయా నీకు?”

“ఉన్నయి పెద్దమ్మా. జర ఆ అద్దం నా చేతికియ్యి. చూడకుండ ఎట్ల చెప్త?”

“ఏం చూస్తవ్? కొని ఆరు నెలలు కాలే. ఎదురుంగ లైటు పడితే అంత తెల్లగ చెదిరిపోతున్నదంట. ముంగట బండి ఉన్నదో గుంత ఉన్నదో తెలుస్తలేదంట. గట్టి మాలని చెప్పి మరీ అంటగట్టినవ్.”

“అంటగట్టలే. నువ్వు నల్లది అడిగినవ్. నేను తెల్లది ఇచ్చిన.”

“ఔ, అడిగింది ఇయ్యలే. అడిగింది ఇయ్యనోనివి మంచిదన్న ఇయ్యాలె గద.”

అబిడ్స్‌లో పోస్టాఫీసు దాటి నాంపల్లి వైపు వచ్చే దారిలో, ఫుట్‌పాత్ మీద, పట్టపగలు నేను ఆ మనిషితో ఇలా తగువు పడ్డాను. పదిమంది చేరారు. బండ్ల మీద పోయేవాళ్లు కాలు కింద పెట్టి ఆగి మరీ చూశారు. వెనక మా శ్రీను, ఎడమ చెయ్యి మెడకు వేలాడేసుకుని, “చాలమ్మా, పోదాం పా” అంటున్నాడు. నేను వినలేదు. నా గొంతు లేస్తే దిగడానికి కొంత సేపు పడుతుంది.

ఆ మనిషి హెల్మెట్ అద్దాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని, చెయ్యి చాపి, ఆకాశం వైపు పెట్టి చూశాడు. కొంచెం వంచి మళ్లీ చూశాడు. తరువాత అద్దాన్ని దించి నా చేతుల వైపు చూశాడు. ఆ చూపు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ తరువాత శ్రీను కట్టు వైపు చూశాడు.

“మాలు ఖరాబున్నది తమ్మీ. తప్పు నాదే,” అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. శ్రీను కుడిచేత్తో ఫోన్ తీసి, ఆ అద్దం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఫొటో తీశాడు. అతను మొహం తిప్పుకోలేదు. తాడు మీది నుంచి కొత్త అద్దం ఒకటి తీసి, పాత పేపరులో చుట్టడం మొదలుపెట్టాడు.

శ్రీను ఆటో ఆపడానికి రోడ్డు దగ్గరికి నడిచాడు. చేరినవాళ్లు కదిలిపోయారు. అప్పుడు ఆ మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

“పెద్దమ్మా, దీన్ని దేనితోని కడిగినవ్?”

“దేనితోని ఏంది? గిన్నెలు తోమే పీచుతోని. వారం వారం సబ్బు పెట్టి మంచిగ తోమిన. మా ఇంట్ల మురికి నిలవదు,” అన్నాను గర్వంగానే.

అతను పాత అద్దాన్ని నా వైపు వంచి ఎండలో పెట్టాడు. సన్నటి గీతలు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, చుట్లు చుట్లుగా. మా ఇంట్లో స్టీలు చెంబు అడుగున ఉండే గీతలే అవి. నా చేతి గీతలు. ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

“నీళ్లతోని తడిపి, మెత్తటి గుడ్డతోని ఒత్తాలె. రుద్దొద్దు. పగటిపూట గీతలు తెల్వయి. చీకటి పడి ఎదురుంగ లైటొస్తే ఒక్కొక్క గీత ఒక్కొక్క లైటయితది,” అన్నాడు. గొంతు పెంచలేదు. పేపరు మడతలు సరిచేసి పొట్లం నా చేతిలో పెట్టాడు.

పొట్లం పట్టుకుని ఆటో ఎక్కాను.

ఆ మనిషి చనిపోయాడు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పేరు నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. బండ్లవాళ్లు గ్లాసన్న అనేవారు. నేను ఏమయ్యా అనేదాన్ని.

సన్నటి మనిషి. మే నెల ఎండలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉండేవాడు. మెడ దగ్గర కాలరుకు చేతిరుమాలు. కరెంటు స్తంభానికి, పక్కనున్న మూసేసిన దుకాణం కిటికీ ఊచకు మధ్య తాడు కట్టి, దాని మీద అద్దాలు వేలాడదీసేవాడు. తెల్లవి, నల్లవి, పసుపువి, నెమలి ఈకలా మెరిసేవి. గాలి వస్తే అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డపేలికలు కట్టేవాడు. హెల్మెట్లు అమ్మేవాడు కాదు. అద్దాలు, వాటిని బిగించే మరలు, అంతే.

నేను నెల నెలా బేగం బజారుకు నడిచి వెళ్లి సామాను తెచ్చుకునేదాన్ని. బస్సు ఎందుకు, కాళ్లున్నాయి. వచ్చేటప్పుడు అతని పక్కన మెట్టు మీద సంచి దించి కాసేపు కూర్చునేదాన్ని. అలా అతని బేరాలు చాలా విన్నాను. అవి బేరాల్లా ఉండేవి కావు.

“నల్లది ఇయ్యన్నా,” అని ఒకడు వస్తాడు.

“ఏ టైముకు పోతవ్ తమ్మీ?”

“నీకెందుకన్నా?”

“నాకు కాదు, అద్దానికి కావాలె.”

“పది గంటలకు.”

“మళ్లొచ్చేది?”

“ఏడయితది, ఎనిమిదయితది.”

“ఎటు దిక్కు?”

ఈ మూడు మాటలు అడగకుండా తాడు మీద చెయ్యి వేసేవాడు కాదు. ఆ తరువాత నల్లద్దం ఒకటి తీసి వాడి కళ్ల ముందు పెట్టి, ఎదురుగా ఆగి ఉన్న ట్రాలీ ఆటోను చూపించేవాడు. “దాని కింద ఏమున్నదో చెప్పు.”

“ఏం లేదు.”

అద్దం తీసేసేవాడు. “ఇప్పుడు?”

“కుక్క పండుకున్నది.”

“పొద్దుగూకినంక ఊరంత ఆ ఆటో కిందనే ఉంటది తమ్మీ. తెల్లది కొనుక్కో.”

కుక్క లేని రోజు తన చెప్పు ఒకటి విడిచి ఆటో కిందికి తోసేవాడు. బేరం అయ్యేదాకా ఒంటి చెప్పుతో నిలబడేవాడు. ఒకసారి ఆటోవాడు చెప్పు చూసుకోకుండా దాని మీది నుంచి బండి తీసుకుపోయాడు. “చూసినవా, ఆయనకు గూడ కనబడలే,” అన్నాడు, అంతే.

మెరిసే అద్దం అడిగితే “పెండ్లికి పోతున్నవా?” అనేవాడు. పసుపుది అడిగితే, “పొద్దున మంచుకు, వానకు పెట్టుకో. రాత్రికి మంచిదని ఎవడన్న చెప్తే వాడు అమ్ముకునేటోడు,” అనేవాడు. తానూ అమ్ముకునేవాడేనన్న సంగతి అతనికి గుర్తుండేది కాదు. సగం మంది నవ్వి తెల్లది కొనేవారు. మిగిలినవాళ్లు “పాఠం వద్దన్నా, మాలియ్యి” అని విసుక్కుని కోఠి వైపు పోయేవారు. వెనక్కి పిలిచేవాడు కాదు. “ఎండ బెదిరిస్తది, మసక మోసం చేస్తది” అని తనలో తాను అనుకుని తాడు సర్దుకునేవాడు.

“నీకు బండి ఉన్నదా?” అని ఒకసారి అడిగాను.

“లేదు పెద్దమ్మా. రోడ్డు దాటేటోన్ని. ఎవడు చూసి వస్తున్నడో, ఎవడు చూడక వస్తున్నడో నాకే ఎక్కువ తెలుస్తది.”

మా శ్రీనుది ఉప్పల్‌లో ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో పని. పొద్దున తూర్పుకు పోతాడు, ఎండ మొహానికి. సాయంత్రం పడమటికి వస్తాడు, మళ్లీ ఎండ మొహానికే. కళ్లు మండుతున్నాయని ఎండాకాలంలో రోజూ అనేవాడు. నేనే వెళ్లి నల్లది ఒకటి ఇమ్మన్నాను. తెలిసిన మనిషి కదా, ప్రశ్నలు లేకుండా ఇస్తాడనుకున్నాను.

“ఇప్పుడైతే ఎండ ఉండంగనే ఇల్లు చేరతడు. దీపావళి దాటినంక?” అన్నాడు. “అంబర్‌పేట దాక ఎండ, కాచిగూడకొస్తే చీకటి. రెండు తీస్కో. ఎండల నల్లది, చీకట్ల తెల్లది. కంపెనీ కాడ మార్చుకుంటడు.”

“ఒక్క తలకాయకు రెండు అద్దాలా? మా ఇంట్ల ఒక్క దువ్వెనతోని నలుగురం దువ్వుకుంటం.”

“దువ్వెన తప్పితే జుట్టు చెదురుతది పెద్దమ్మా. గంతే.”

రెండు కొననని నేను, నల్లది ఒక్కటే ఇవ్వనని అతను. చివరికి తెల్ల అద్దం ఒకటి తీసి, దాని పై అంచున రెండు వేళ్ల వెడల్పు నల్ల పట్టీ అంటించాడు. “ఎండ ఎదురైతే తల జర దించుమను. పట్టీ అడ్డమొస్తది. పొద్దుగూకినంక తల ఎత్తుమను. ఒక్క అద్దమే, నీ మాటే నెగ్గింది.” పట్టీకి ఏమీ తీసుకోలేదు. శ్రీను వారం రోజులు వాడి, హాయిగా ఉందన్నాడు. వాడితో పాటు నాంపల్లి నుంచి ఉప్పల్ పోయేవాళ్లు ఐదుగురున్నారు. పొద్దున స్టేషన్ దగ్గర చాయ్ బండి కాడ కలుసుకుని కలిసి పోతారు. వాళ్లందరూ వెళ్లి అలాంటి పట్టీలే వేయించుకున్నారు.

ఆదివారం శ్రీను పడుకుంటే నేను హెల్మెట్ అద్దం ఊడదీసి గిన్నెలతో పాటు వేసేదాన్ని. కోడలు ఒకసారి “అత్తమ్మా, దాన్ని పీచుతోని తోమొద్దేమో” అంది. “నీకు తోమరాక నాకు చెప్తున్నవా?” అన్నాను. మళ్లీ ఆమె ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తనివ్వను కదా.

దీపావళి దాటింది, పొద్దు తగ్గింది. కాచిగూడ దగ్గర రోడ్డు బాగుచెయ్యడానికి పోసిన కంకర కుప్ప శ్రీనుకు కనబడలేదు. ఎదురుగా వచ్చే లైట్లు అద్దం నిండా చిందినట్టయి, తెలుపు తప్ప ఏమీ కనబడలేదన్నాడు. జబ్బ ఎముక విరిగింది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. దవాఖాన నుంచి వచ్చిన నాలుగో రోజే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి నేను ఆ తగువు పడ్డాను.

తగువు అయిన సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. మనవరాలు తండ్రి ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని, ఆ చిన్న అక్షరాలు నాకు కుదరవు. అదే చదివింది.

“‘ఈయన దగ్గర గ్లాసు కొనకుండ్రి, నకిలీ మాలు, నా చెయ్యి విరిగింది’ అని నాన్న వాళ్ల గ్రూపుల పెట్టిండు నానమ్మా. కింద ఆయన ఫొటో ఉన్నది. అందరు వాళ్ల వాళ్ల గ్రూపులకు పంపుతున్నరు.”

అప్పుడు నిజం చెప్పి ఉండొచ్చు. శ్రీను మూడడుగుల దూరంలో ఉన్నాడు. “చదివింది చాలు, పోయి లెక్కలు చేసుకో,” అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. కోడలు పాలు పొంగిస్తే వారం రోజులు దెప్పుతాను. మనవరాలు పెన్సిల్ పారేసుకుంటే అన్నం ముందు కూర్చోబెట్టి అడుగుతాను. అలాంటిదాన్ని, కొడుకు ఎముక విరగడానికి నా చెయ్యే కారణమని ఎలా చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. మరునాటికి అది ఇంకా బరువెక్కింది.

ఆ తరువాత బేగం బజారు నుంచి వచ్చేటప్పుడు ఎదురు ఫుట్‌పాత్ మీద నడిచేదాన్ని. అక్కడి నుంచే చూసేదాన్ని. తాడు మీద అద్దాలు పలుచబడ్డాయి. ఉన్నవాటి మీద దుమ్ము. కింద పట్టా మీద ఫోన్ కవర్లు, చెవుల్లో పెట్టుకునే వైర్లు చేరాయి. వాటి పక్కన అతను ఎవర్నీ ఏ ప్రశ్నా అడగకుండా కూర్చునేవాడు. ఫోన్ కవరుకు అడగడానికేముంది.

ఉగాది దాటాక ఒకరోజు ఎదురు ఫుట్‌పాత్ తవ్వేసి ఉంది. ఇవతలికి రాక తప్పలేదు. తల దించుకుని పోతున్నాను.

“పెద్దమ్మా,” అని పిలిచాడు. “తమ్మి జబ్బ ఎట్లున్నది?”

“మంచిగున్నది. డ్యూటీకి పోతున్నడు.”

“అద్దం?”

“నేను ముట్టుకుంటలేను.”

కొంచెం నవ్వాడు. నవ్వితే మనిషి ఎంత చిక్కిపోయాడో తెలిసింది.

“ఒక్క మాట పెద్దమ్మా. తమ్మి ఫోన్ల నా ఫొటో పెట్టిండు గద. అది ఎక్కడెక్కడికో పోయింది. గిరాకొచ్చినోడు నాకే చూపిస్తున్నడు, ‘ఇది నువ్వేనా’ అని. ఔ, నేనే అంటున్న. మరేమంట? జర తీసెయ్యమను. మాలు మంచిదేనని ఒక్క మాట పెట్టమను. నీ సంగతి చెప్పకున్నా సరే.”

“ఆనాడే చెప్పకపోతివి, నీ తప్పు కాదని?” అన్నాను. అప్పుడు కూడా గదిమినట్టే అన్నాను.

“పదిమంది ముంగట నిన్నెట్ల అంట? కొడుకు కట్టు కట్టుకొని నిలబడ్డడు. ఒక్క అద్దం పోతదనుకున్న. పేరు పోతదనుకోలే.”

“చెప్త,” అన్నాను.

చెప్పలేదు. ఫొటో తీసెయ్యమంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పకుండా ఆ మాట చెప్పే దారి నాకు దొరకలేదు. దొరకలేదని అంటున్నాను కానీ, వెతికింది కూడా లేదు. మూడు నెలలు బేగం బజారుకే పోలేదు. ఇంటి సందు చివరి కిరాణంలోనే, ఎక్కువ ధర పెట్టి కొన్నాను. నా జన్మలో అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు.

ఆషాఢంలో వారం రోజుల వాన తగ్గాక వెళ్లాను. ఆ రోజు చెప్పి రావాలనే వెళ్లాను. శ్రీనుకు చెబుతున్నానని అతనితో ముందు అనేస్తే, ఇంటికొచ్చి చెప్పక తప్పదని నా లెక్క. స్తంభానికి తాడు అలాగే ఉంది. దాని మీద ఏమీ లేదు. పక్కన బెల్టులు అమ్మే అతణ్ణి అడిగాను.

“గ్లాసన్న పోయిండు పెద్దమ్మా. పన్నెండు దినాలాయె. కామెర్లు ముదిరినయి. దవాఖానల రెండు దినాలే ఉన్నడు.”

“మాలు?”

“ఆయన భార్య వచ్చి మూట కట్టుకున్నది. ఎవరన్న కొంటరా అని ఇక్కడ నలుగురిని అడిగింది. ఎవరు తీస్కుంటరు? నకిలీ మాలని ఫోన్లల్ల తిరిగింది గద. ఆమెకు ఆ సంగతి తెల్వదు అనుకుంట. ఎందుకు వద్దంటున్నరని అడుగుకుంట పోయింది.”

“ఇల్లెక్కడ?”

“సరిగ్గ తెల్వదు. బస్సెక్కి పోయేటోడు.” ఒక బెల్టు తీసి దులిపాడు. “నీకేం గావాలె పెద్దమ్మా?”

ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రం శ్రీను వచ్చి గడప దగ్గర బూట్లు విప్పుతున్నాడు. కోడలు కూడా వినాలని వంటింటి తలుపు దగ్గర నిలబడి చెప్పాను.

“ఆ అద్దం మంచి మాలే. నేనే పీచుతోని తోమి గీతలు పెట్టిన. ఆయన ఆనాడే చూసి నాకు చెప్పిండు. నేను నీకు చెప్పలే.”

శ్రీను ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు.

“ఎన్ని నెలలాయె అమ్మా?”

“ఎనిమిది.”

“ఆయన పోయిండని పొద్దుగాల చాయ్ కాడ అనుకుంటుంటే విన్న. ‘మోసం మాలు అమ్మిండు, పోయిండు’ అన్నడొకడు. నేను గూడ నవ్విన.”

వంటింట్లో కోడలు నీళ్ల నల్లా కట్టేసింది. ఏమంటుందా అని చూశాను. ఒక్క మాట అంటే బాగుండేది.

“ఆ ఫొటో తీసెయ్యి,” అన్నాను.

“నా దాంట్ల తీస్త. మంది ఫోన్లల్లకెల్లి ఎట్ల తీస్త?”

“మాలు మంచిదేనని పెట్టు మరి.”

“పెడత. పొద్దున వాళ్ల మొహం చూసి చెప్పాలె గద. నాకు నోరు రాదమ్మా. నువ్వే చెప్పు.”

“సరే,” అన్నాను.

మరునాడు పొద్దున ఆరున్నరకు, బండి తోసుకుంటూ పోతున్న శ్రీను వెనకాల నడిచి స్టేషన్ దగ్గర చాయ్ బండికి వెళ్లాను. ఐదుగురూ బండ్ల మీద ఆనుకుని చాయ్ తాగుతున్నారు. నేను ముందుకు వెళ్లి, గ్లాసన్న మాలులో ఏ లోపమూ లేదని, పీచుతో రుద్ది పాడుచేసింది నేనని, ఆ సంగతి తెలిసి కూడా ఎనిమిది నెలలు నోరు మూసుకున్నానని చెప్పాను. ఒక చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.

వాళ్లు శ్రీను వైపు చూశారు. వాడు నేల చూస్తున్నాడు.

“ఆయన పోయిండు గద పెద్దమ్మా,” అన్నాడు ఒకడు.

“ఔ.”

“ఇప్పుడు చెప్తే ఏమొస్తది మరి?”

“ఏం రాదు,” అన్నాను. “మీరు ఎవరెవరికి పంపిన్రో వాళ్లకు చెప్పుండ్రి.”

ఒకడు తల ఊపాడు. ఇంకొకడు ఫోన్‌లో టైము చూసి “పా, లేటయితున్నది” అన్నాడు. గ్లాసులు బల్ల మీద పెట్టి, హెల్మెట్లు పెట్టుకుని బండ్లు తీశారు. శ్రీను కూడా వాళ్ల వెనక వెళ్లిపోయాడు.

చాయ్ బండి అతను “పెద్దమ్మా, చాయ్ తాగుతవా?” అని అడిగాడు. వద్దని చెప్పి ఇంటికి నడిచి వచ్చాను.